బెంగళూరులో ఇన్సూరెన్స్ లేకుండా కారుతో దొరికితే: చలాన్ నుంచి సరైన పాలసీ దాకా ఏది ముందు, ఏది తర్వాత

మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన పిల్లల నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఊళ్లో నాన్న పేరు మీదున్న కారు బెంగళూరుకు తెచ్చుకున్నారు, లేదా సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నారు. సిగ్నల్ దాటాక ట్రాఫిక్ పోలీసు పక్కకు ఆపి "ఇన్సూరెన్స్ తోర్సి" (చూపించండి) అన్నాడు. ఫోన్‌లో వెతికితే పాలసీ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. చలాన్ పడింది. ఇప్పుడేం చేయాలి?

చాలామంది చలాన్ కట్టేసి, హమ్మయ్య అనుకుని అదే కారులో ఇంటికెళ్లిపోతారు. పాలసీ సంగతి శనివారం చూద్దాంలే అనుకుంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. జరిమానా వేలల్లో తేలిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం లక్షల్లో ఉంటుంది. దాన్ని నడిపిన మీరు, ఓనర్ అయిన మీ నాన్న సొంత డబ్బుతో కట్టాలి. అందుకే ముందు బండి ఆపండి, తర్వాత పాలసీ తీసుకోండి, ఆ తర్వాత చలాన్ చూడండి. చలాన్‌కు కొంత వ్యవధి ఉంటుంది, ఇన్సూరెన్స్‌కు ఒక్క గంట కూడా ఉండదు.

## 1. ముందు బండిని ఒకచోట పెట్టేయండి

పాలసీ లేదని తెలిసిన క్షణం నుంచి ఆ కారు రోడ్డెక్కకూడదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనో ఇంటి కాంపౌండ్‌లోనో పెట్టండి. ఏజెంట్ ఆఫీసుకో, పొల్యూషన్ చెక్ సెంటర్‌కో అదే కారులో వెళ్లకండి. ఈ పనులన్నీ ఫోన్‌లో మొదలుపెట్టొచ్చు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 146 ప్రకారం, పబ్లిక్ రోడ్డు మీద తిరిగే ప్రతి బండికీ కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కవర్) ఉండాలి. లేకుండా నడిపితే సెక్షన్ 196 కింద మొదటిసారి 2000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4000 రూపాయలు. బండి ఎవరిదైనా నడిపిన మనిషిపై కేసు పడుతుంది. తెలిసీ నడపనిచ్చిన ఓనర్ మీదా పడుతుంది.

## 2. మీది ఏ కేసో తేల్చుకోండి

చలాన్‌లో ఒకే మాట ఉన్నా, దాని వెనక మూడు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. మీది ఏదో తెలియకుండా డబ్బు కట్టొద్దు.

అ) పాలసీ ఉంది, ఆ సమయానికి చూపలేకపోయారు. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, లేదా పీడీఎఫ్ నాన్న మెయిల్‌లో ఉంది. చట్టం దీన్ని వేరుగా చూస్తుంది. సర్టిఫికెట్ అడిగిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు, మీరు చెప్పిన పోలీస్ స్టేషన్‌లో దాన్ని చూపిస్తే, చూపలేదన్న ఒక్క కారణంతో శిక్ష వేయకూడదని సెక్షన్ 158 చెబుతోంది. ఏడో రోజు దాకా ఆగకుండా మర్నాడే వెళ్లండి.

ఆ) పాలసీ ఉంది, కానీ పోలీసుల మెషీన్‌లో కనబడట్లేదు. కొత్త కార్లలో ఇది ఎక్కువ. షోరూమ్‌లో పాలసీ ఇచ్చేటప్పటికి నంబర్ రాదు కాబట్టి, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాల్సిన చోట 'న్యూ' అని వేస్తారు. నంబర్ వచ్చాక ఎవరూ దాన్ని మార్పించరు. బండ్ల వివరాలుండే ప్రభుత్వ రికార్డైన వాహన్ డేటాబేస్‌లో మీ నంబర్‌కు ఆ పాలసీ జతపడదు. ఛాసిస్ నంబర్‌లో ఒక అక్షరం తేడా వచ్చినా ఇంతే.

ఇ) పాలసీ నిజంగానే లేదు, లేదా ఉన్నా ఈ వాడకానికి చెల్లదు. ఎక్స్‌పైర్ అయినవి, చెక్ బౌన్స్ అయి రద్దయినవి, నకిలీవి ఇందులోకి వస్తాయి. తెల్ల బోర్డు కారును బాడుగకు తిప్పడమూ ఇందులోదే.

ఎలా చూడాలంటే:

- ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కారు నంబర్ కొట్టి, ఇన్సూరెన్స్ గడువు తేదీ చూడండి.
- పాలసీ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. అది తెరిచే పేజీ ఇన్సూరెన్స్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌దే అయి ఉండాలి.
- పాలసీ నంబర్‌తో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "ఈ పాలసీ ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా?" అని అడగండి. ఫోన్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లోంచే తీసుకోండి, పాలసీ కాగితం మీదది నమ్మకండి. నకిలీ పాలసీ మీద నంబర్ కూడా నకిలీదే ఉంటుంది.

## 3. పాలసీ కాగితంలో ఏ లైన్లు చదవాలి

పీడీఎఫ్ పది పేజీలుంటుంది. చదవాల్సింది అందులో ఒకటిన్నర పేజీ. నాన్నకు ఫోన్ చేసి "ఇన్సూరెన్స్ ఉందా నాన్నా?" అని అడిగితే "ఉందిరా, కట్టాను కదా" అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోకండి. పీడీఎఫ్ తెప్పించుకుని వీటిని మీ కళ్లతో చూడండి.

పీరియడ్ ఆఫ్ ఇన్సూరెన్స్. తేదీతో పాటు టైమ్ కూడా ఉంటుంది. చివరి రోజు అర్ధరాత్రికి కవర్ ముగుస్తుంది. మోటారు ఇన్సూరెన్స్‌లో "ఇంకో నెల గ్రేస్ పీరియడ్ ఉంది" అన్నది ఉత్త మాట. జనం చెప్పుకునే 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కాపాడుకోవడానికి మాత్రమే. ఆ 90 రోజుల్లో బండికి ఏ కవరూ ఉండదు.

రెండు వేర్వేరు గడువులు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. సొంత కారు డ్యామేజీకి కవర్ మాత్రం ఎక్కువగా ఒక్క ఏడాదికే ఇస్తున్నారు. దీనివల్ల గందరగోళం రెండు వైపులా ఉంటుంది. కొందరు "మూడేళ్లు ఉంది" అనుకుని ఏడాది తర్వాత సొంత డ్యామేజీ కవర్ లేకుండా తిరుగుతారు. ఇంకొందరు ఏడాదికే అంతా అయిపోయిందనుకుని మళ్లీ ఫుల్ పాలసీ కొని, థర్డ్ పార్టీకి రెండుసార్లు డబ్బు పోస్తారు. మీ కాగితంలో 'ఓన్ డ్యామేజ్' తేదీలు వేరు, 'లయబిలిటీ' తేదీలు వేరు. పోలీసు చూసేది రెండోది.

లిమిటేషన్స్ యాజ్ టు యూజ్. ప్రైవేటు కారు పాలసీలో బాడుగకు వాడకూడదని ఇక్కడే ఉంటుంది. వీకెండ్‌లో డబ్బు తీసుకుని ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొడితే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ మొదట చూపించేది ఈ లైనే.

టీపీపీడీ (థర్డ్ పార్టీ ప్రాపర్టీ డ్యామేజ్). ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో మామూలు పరిమితి 7.5 లక్షల రూపాయలు. దాన్ని 6000 రూపాయలకు తగ్గించుకుంటే ప్రీమియంలో 100 రూపాయలు తగ్గుతుంది. కొందరు ఏజెంట్లు రేటు తక్కువ చూపడానికి చెప్పకుండా ఇది పెట్టేస్తారు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ముందున్న కారు బంపర్‌కు తగిలితే 6000 ఏ మూలకు సరిపోతుంది? వంద రూపాయల కోసం దీన్ని ఒప్పుకోవద్దు.

ఇవి కాక రిజిస్ట్రేషన్ నంబర్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, ఓనర్ పేరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి.

## 4. ఏ పాలసీ తీసుకోవాలి

మన దేశంలో పాలసీ కారుకు ఉంటుంది. నడిపేవాడి వయసు 21 అయినా 51 అయినా థర్డ్ పార్టీ ప్రీమియం మారదు. నాన్న పేరు మీదున్న కారును ఆయన ఒప్పుకోలుతో, చెల్లే లైసెన్స్ ఉన్న మీరు నడిపితే పాలసీ వర్తిస్తుంది. మీ పేరు విడిగా చేర్చక్కర్లేదు.

చట్టానికి సరిపోయే కనీస పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటే. ఇందులో ఎదుటి మనిషి చనిపోయినా గాయపడినా ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ తేల్చిన పరిహారాన్ని కంపెనీ భరిస్తుంది. మీ కారు రిపేరుకు రూపాయి కూడా రాదు. దీని ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి పది వెబ్‌సైట్లు వెతికినా అదే రేటు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో ఏడాదికి ఇలా ఉంది, జీఎస్‌టీ అదనం:

- 1000 సీసీ లోపు కారు: 2094 రూపాయలు
- 1000 నుంచి 1500 సీసీ: 3416 రూపాయలు
- 1500 సీసీ పైన: 7897 రూపాయలు

చిన్న కారుకు ఏడాది పాలసీ ఖర్చు, ఒక్క చలాన్ ఖర్చు దాదాపు ఒకటే. డబ్బుల్లేక పాలసీ ఆపుకున్నవారు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

కారు పదేళ్ల పాతదై, పెద్ద రిపేరు వస్తే వదిలేసే స్థితిలో ఉంటే థర్డ్ పార్టీ చాలు. కారు మీద లోన్ ఉన్నా, బాగుచేయించే స్తోమత లేకున్నా కాంప్రహెన్సివ్ (థర్డ్ పార్టీతో పాటు సొంత డ్యామేజీ కవర్ కూడా ఉండేది) తీసుకోండి. మూడేళ్ల థర్డ్ పార్టీ ఇంకా నడుస్తుంటే సొంత డ్యామేజీకి విడి పాలసీ అడగండి. దాన్ని స్టాండలోన్ ఓన్ డ్యామేజ్ అంటారు.

బెంగళూరు వానల గురించి ఒక మాట చెప్పాలి. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే, మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ఆ ఇంజిన్ ఖర్చు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా చేర్చుకునే కవర్) ఉండాలి. బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్నవాళ్లు మిగతా యాడ్-ఆన్లు మానుకున్నా ఇది మానుకోవద్దు.

ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా ఉండాలి. ఇది ఓనర్‌కు మాత్రమే. నాన్న కారు నడిపే మీకు రాదు, కాబట్టి మీ పేరు మీద విడిగా ఒకటి తీసుకోవడం మంచిది. ఓనర్‌కు ఇప్పటికే అలాంటి కవర్ ఉంటే మళ్లీ కొనక్కర్లేదని డిక్లరేషన్ ఇస్తే చాలు.

## 5. ఎక్స్‌పైర్ అయిన కారుకు పాలసీ కొనే వరుస

1. ఆర్‌సీ, పాత పాలసీ, ఓనర్ కేవైసీ కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫొటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.
2. పాత పాలసీ ముగిసి 90 రోజులు దాటిందా చూడండి. దాటకపోతే నో క్లెయిమ్ బోనస్ నిలుస్తుంది. అది క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా ఉంటుంది. 88వ రోజున ఉంటే ఈరోజే కొనండి.
3. కాంప్రహెన్సివ్ అయితే కంపెనీ కారు ఇన్‌స్పెక్షన్ అడుగుతుంది. చాలా కంపెనీలు లింక్ పంపి మీ ఫోన్‌తోనే వీడియో తీయమంటాయి.
4. డబ్బు ఓనర్ ఖాతా నుంచో మీ ఖాతా నుంచో నేరుగా కంపెనీకి కట్టండి. ఏజెంట్ పర్సనల్ యూపీఐకి పంపొద్దు. ప్రీమియం కంపెనీకి చేరేదాకా చట్టప్రకారం కవర్ మొదలవదు.
5. పీడీఎఫ్ రాగానే మొదలయ్యే తేదీ, టైమ్ చూడండి. పాతది ఎక్స్‌పైర్ అయి ఉంటే కొత్తది డబ్బు కట్టిన నిమిషం నుంచే మొదలవ్వాలని లేదు. ఆ టైమ్ వచ్చేదాకా తాళం తీయకండి.
6. ఆ తర్వాత ఎంపరివాహన్‌లో మళ్లీ చూడండి. కొత్త తేదీ కనబడకపోతే కంపెనీకి మెయిల్ పెట్టండి.

వీడియో ఇన్‌స్పెక్షన్ దగ్గర చాలామంది రెండు మూడుసార్లు రిజెక్ట్ అవుతారు. బేస్‌మెంట్ చీకట్లో తీయడమే దానికి కారణం. పగటిపూట, కాంపౌండ్ లోపలే వెలుతురు పడే చోట తీయండి. నంబర్ ప్లేటు నుంచి మొదలుపెట్టి ఆపకుండా కారు చుట్టూ ఒక రౌండ్ రండి. ముందు అద్దం లోపలి నుంచీ బయటి నుంచీ కనబడాలి. బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబర్ మీద దుమ్ము గుడ్డతో తుడిచి, అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా చూపించండి. చివర్లో ఇగ్నిషన్ ఆన్ చేసి ఓడోమీటర్ చూపండి. ఉన్న గీతలు, సొట్టలు దాచకండి. అవి వీడియోలో నమోదైతేనే తర్వాతి క్లెయిమ్‌లో పాత డ్యామేజీ ఏదో, కొత్తది ఏదో తేలుతుంది.

## 6. ఇక చలాన్

కట్టే ముందు అది నిజమైనదో కాదో చూడండి. వాట్సాప్‌లో "ఆర్‌టీఓ చలాన్" పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మోసం. దాన్ని నొక్కితే బ్యాంకు ఖాతాకే ముప్పు. పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లోనో, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల అస్త్రం యాప్‌లోనో మీరే కారు నంబర్ కొట్టి వెతకండి. నేరుగా వెళ్లి కట్టాలంటే ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లు, బెంగళూరు వన్ కేంద్రాలు ఉన్నాయి.

కట్టాల్సింది: ఆ తేదీన, ఆ టైమ్‌కి పాలసీ లేకపోతే కట్టేయండి. చలాన్ పడ్డాక కొన్న పాలసీ చూపించి రద్దు చేయమంటే కుదరదు. పాత తేదీ వేసి పాలసీ ఇస్తాననే ఏజెంట్ ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఫోర్జరీ, జరిమానాతో పోయేదాన్ని క్రిమినల్ కేసు దాకా తెస్తుంది.

అభ్యంతరం చెప్పాల్సింది: ఆ సమయానికి పాలసీ చెల్లుబాటులో ఉంటే కట్టకండి. పాలసీ పీడీఎఫ్, ఆర్‌సీ, చలాన్ ప్రింట్ తీసుకుని చలాన్ రాసిన ట్రాఫిక్ స్టేషన్‌కు వెళ్లండి. రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. కన్నడ రాకపోతే ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చాలు: కారు నంబర్, చలాన్ నంబర్, పాలసీ నంబర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. మాట పెంచాల్సిన పని లేదు.

పోలీసు ఆపినప్పుడు డిజిలాకర్, ఎంపరివాహన్‌లోని కాగితాలు చూపితే చాలు, అవి చట్టప్రకారం చెల్లుతాయి. డబ్బు కడితే రసీదు తప్పక తీసుకోండి.

ఇంకో సంగతి. కర్ణాటకలో పాత చలాన్ల మీద 50 శాతం తగ్గింపు 2023 ఫిబ్రవరిలో, మళ్లీ 2025 ఆగస్టులో ఇచ్చారు. అది మళ్లీ వస్తుందని చలాన్లు పోగేసుకోకండి. ఇన్సూరెన్స్ లేదన్న చలాన్ అలా పడి ఉండగా రెండోది పడితే మొత్తం ఇంకా పెరుగుతుంది.

## 7. మన వాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కులు

ఏపీ, తెలంగాణ నంబర్ కారు. పాలసీ దేశమంతటా చెల్లుతుంది, కర్ణాటకలో విడిగా కొనక్కర్లేదు. కానీ 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే కేఏ నంబర్‌కు మార్చుకోవాలి. నంబర్ మారగానే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదైన కాగితం) తీసుకోండి. ప్రీమియం కొంచెం పెరగొచ్చు. సొంత డ్యామేజీ ప్రీమియంలో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై రేటు ఎక్కువుండే జోన్ ఏ కిందకు వస్తాయి. అనంతపురం, కర్నూలు, తిరుపతి జోన్ బీ.

సెకండ్ హ్యాండ్ కారు. "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది బ్రదర్" అని అమ్మినవాడు చెప్పేది సగమే నిజం. ఓనర్‌షిప్ మారిన 14 రోజుల్లోపు పాలసీని మీ పేరుకు మార్చమని కంపెనీకి అప్లై చేయాలి. థర్డ్ పార్టీ వరకు చట్టమే మీకు బదిలీ చేస్తుంది. సొంత డ్యామేజీ క్లెయిమ్ మాత్రం పాత ఓనర్ పేరు మీదుంటే తిరగ్గొడతారు. అతని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది. ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి.

ఓనర్ చనిపోతే. పాలసీ ఆ రోజే రద్దవదు. చనిపోయిన తేదీ నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకు వారసులకు నిలుస్తుంది. ఆలోపు ఆర్‌సీ, పాలసీ మార్చుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరికీ గుర్తుకురాని పని ఇది. చదువుకున్న పిల్లలే పూనుకోవాలి.

తమ్ముడి చేతికి తాళాలు. 18 నిండని పిల్లవాడు నడిపి దొరికితే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులు లేదా ఓనర్ మీద 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. కారు రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. పాలసీ ఉన్నా, లైసెన్స్ లేనివాడు నడిపితే కంపెనీ బాధితుడికి కట్టిన డబ్బును ఓనర్ నుంచి వసూలు చేసుకోవచ్చు.

## 8. పాలసీ లేని సమయంలోనే కారు తగిలితే

పారిపోవద్దు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చండి, పోలీసులకు చెప్పండి. 24 గంటల్లోపు చెప్పడం సెక్షన్ 134 ప్రకారం డ్రైవర్ బాధ్యత. ఆ తర్వాత ప్రమాదాల కేసులు చూసే లాయర్‌ను కలవండి. థర్డ్ పార్టీ లేని బండిని తగిన పూచీ చూపేదాకా వదలరు. రోడ్డు పక్కన చేతిలో డబ్బు పెట్టి రాజీ కాగితం రాసుకుంటే పని అయిపోదు. ఆ కాగితం ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయకుండా ఎవరినీ ఆపలేదు.

## 9. కంపెనీ పట్టించుకోకపోతే

డబ్బు కట్టినా పాలసీ రాలేదా? నంబర్ దిద్దమని అడిగినా దిద్దట్లేదా? ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా రికార్డు మీ చేతిలో ఉండదు. మెయిల్‌లో ఇవి పెట్టండి:

- పాలసీ నంబర్, కారు నంబర్, ఛాసిస్ నంబర్
- డబ్బు కట్టిన తేదీ, ట్రాన్సాక్షన్ నంబర్
- తప్పు ఏమిటి, ఎలా దిద్దాలి అన్నది ఒక్క వాక్యంలో
- ఆర్‌సీ ఫొటో, చలాన్ పడి ఉంటే దాని కాపీ

సమాధానం రాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. 155255 నంబర్‌కు ఫోన్ చేసినా తీసుకుంటారు. కంపెనీకి రాసి నెల దాటినా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లోని జీవన్ సౌధలో ఉంది. పాలసీ నాన్న పేరు మీద, ఊరి అడ్రస్‌తో ఉంటే ఏపీ, తెలంగాణ ఫిర్యాదులు చూసే హైదరాబాద్ ఆఫీసుకు పంపాలి. ఫిర్యాదు మీద సంతకం పాలసీ ఎవరి పేరు మీద ఉంటే వారిదే ఉండాలి. కాబట్టి మీరే టైప్ చేసినా, పంపే ముందు నాన్న చేత సంతకం చేయించుకోండి.